అంకె చివర అడ్డగీత

స్టేషనరీ కొట్టు, వెనక గది

మా గడుగ్గాయికి,

కవరు చూసి నవ్వుకుంటావని తెలుసు. ఈ రోజుల్లో కాగితం మీద ఉత్తరం రాసే బావ నీకు తప్ప ఇంకెవరికీ ఉండడు. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదే. మా ఇల్లు నీకు తెలియనిదా, ముందు గదిలో నేను గొణిగితే వంటగదిలోంచి మీ అక్క జవాబు చెబుతుంది. పగలంతా ఆ రెండు కుట్టుమిషన్ల మధ్య కూర్చుని ఒక చెవి పని మీద, ఒక చెవి నా మీద వేసి ఉంచుతుంది. అందుకని నా స్నేహితుడి కొట్లో, అట్టపెట్టెల మధ్య కూర్చుని రాస్తున్నాను. నువ్వూ ఈ కొట్టు చిరునామాకే రాయి.

నన్ను పనిలోంచి ఆపేశారు. బస్సు డిపో వర్కర్ల పొదుపు సంఘంలో నేను క్యాషియర్‌గా చేరినప్పుడు నువ్వు రెండు జడలు వేసుకుని స్కూలుకి వెళ్ళేదానివి. ఇన్నేళ్ళలో నా కౌంటర్‌లో రూపాయి తేడా రాలేదు. ఇప్పుడు రెండు నెలల్లో లక్షా ఎనభై నాలుగు వేలు తక్కువ వచ్చాయట. సెక్రటరీ గారు పిలిచి చెబితే ముందు వేళాకోళం అనుకున్నాను. పక్కన ఆడిటరు కూర్చుని ఉన్నాడు, అతను నవ్వలేదు.

మా పద్ధతి చెబుతాను. మామూలు లోన్లు లోను టేబుల్ దగ్గరే కంప్యూటర్లో ఎక్కించేస్తారు, నేను డబ్బు లెక్కపెట్టి ఇవ్వడమే. అత్యవసర అడ్వాన్సులు మాత్రం, అంటే ఎవరింట్లోనో జబ్బు చేసిందనో, అద్దె కట్టాలనో వస్తే ఇచ్చేవి, నా కౌంటర్‌లో నేనే కంప్యూటర్లో కొట్టుకుంటాను. రోజూ కౌంటర్ మూసేముందు నా చీటీలు కూడుకుని, పెట్టెలో డబ్బు చూసుకుంటాను. సరిపోతుంది. కంప్యూటర్ వేసిన మొత్తం సెక్రటరీ గారు నెలాఖరున చూస్తారు. ఆ రెండూ కలవడం లేదు. "చీటీలు ఒకసారి చేత్తో కూడి చూడండి సార్" అని ఆడిటర్ని బతిమాలాను. "కంప్యూటర్ కూడినదాన్ని మళ్ళీ చేత్తో కూడాలా పెద్దాయనా?" అన్నాడు. చీటీలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

మూడు నెలల కిందటే ఆ కంప్యూటర్లో ఏదో కొత్తది వేశారు. స్క్రీన్ పాతదానిలాగే ఉంది. అడ్వాన్సులు మాత్రం ఎర్ర అంకెల్లో వస్తున్నాయి, అంతే తేడా. డబ్బు బయటికి పోతోందని ఎరుపు పెట్టారేమో, మంచి ఏర్పాటే అనుకున్నాను.

నువ్వు ఆ లైన్లోనే ఉన్నావు కదా. రోజంతా డబ్బు అంకెలు కంప్యూటర్‌కి అర్థమయ్యేలా రాయడమే నీ ఉద్యోగమని మీ అక్క ఊరంతా చెప్పుకుంటుంది. ఒక్క మాట చెప్పు. కంప్యూటర్ లెక్క తప్పుతుందా?

మీ అక్కకి ఇంకా చెప్పలేదు. సెలవు పెట్టానన్నాను. రోజూ అదే టైముకి చొక్కా వేసుకుని బయల్దేరుతున్నాను.

నీ బావ


ఆఫీసు, నాలుగో అంతస్తు, కిటికీ పక్క సీటు

బావా,

మీ ఉత్తరం వచ్చిందని కింద సెక్యూరిటీ అతను స్వయంగా పైకి తెచ్చిచ్చాడు. అందరూ నా చుట్టూ మూగారు, ప్రేమలేఖ అనుకుని. మా బావ రాశాడంటే ఇంకా నవ్వారు. చదివాక నాకు నవ్వు రాలేదు.

ముందు అక్కకి చెప్పండి. చొక్కా వేసుకుని వీధులు తిరగడమేమిటి? అక్కకి తెలిశాక పడే తిట్లు రెట్టింపవుతాయి, నా మాట వినండి.

మీరడిగినదానికి జవాబు. కంప్యూటర్ కూడికలో తప్పదు బావా. తప్పేది చదవడంలో. మనం కొట్టే అంకె దానికి అంకె కాదు, అక్షరాల వరస. 1,250 అని కొడితే ఒకటి, కామా, రెండు, అయిదు, సున్నా అని చూస్తుంది. ఆ కామాని ఏం చేయాలో ఎవరో ఒకరు రాసిపెట్టాలి. కొన్ని దేశాల్లో కామా అంటే వేలు, కొన్ని చోట్ల అదే పైసల చుక్క. రూలు తప్పు రాస్తే వెయ్యీ రెండువందల యాభై కాస్తా ఒకటింపావు అవుతుంది. అక్షరాల్ని డబ్బుగా మార్చడం, మళ్ళీ డబ్బుని మనుషులకి కనబడే అంకెగా తీర్చడం, ఈ రెండు గుమ్మాల దగ్గరే దొంగలు పడతారు. నేను జీతం తీసుకునేది ఆ గుమ్మాల దగ్గర కాపలా కాసినందుకే.

కానీ అలాంటి తప్పు ఉంటే అందరికీ ఒకేలా తగలాలి. మీ పక్క కౌంటర్లో కూడా తేడా వచ్చిందా? మీ సీట్లో ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారు, వాళ్ళకీ వస్తోందా? అది కనుక్కుని రాయండి. వస్తోందంటే మీరు గట్టున పడ్డట్టే. ఆడిటరు చేత నేనే క్షమాపణ చెప్పిస్తాను.

భోజనం మానకండి.

మీ మరదలు


స్టేషనరీ కొట్టు, వెనక గది

గడుగ్గాయికి,

అడిగి తెలుసుకున్నాను. అడక్కుండా ఉన్నా బాగుండేది.

పక్క కౌంటర్లో ఎప్పుడూ తేడా లేదు. నా సీట్లో ఒక కొత్తమ్మాయిని కూర్చోబెట్టారు, నెమ్మదైన పిల్ల, వీధిలో కనబడితే నమస్కారం పెట్టింది. ఆ పిల్ల వచ్చాక మొదటి నెల లెక్క పైసలతో సహా సరిపోయిందట. అదే కంప్యూటరు, అదే పెట్టె, అవే అడ్వాన్సులు. మారింది నేనొక్కణ్ణే. డిపో టీ బండి దగ్గర ఈ మాట అనుకుంటున్నారని మా స్నేహితుడు చెప్పాడు. అతను కూడా చెప్పేటప్పుడు నా మొహంలోకి చూడలేదు.

మీ అక్కకి చెప్పాను. అరవలేదు. తిడితే బాగుండును. "ఎవరికైనా చేబదులిచ్చారా?" అని అడిగింది. లేదన్నాను. మళ్ళీ అదే ప్రశ్న ఇంకో పూట అడిగింది. బట్టలు నానబెట్టే ముందు నా జేబులు చూడడం దానికి పెళ్ళైనప్పట్నుంచీ అలవాటు. రుమాలో, బస్సు టికెట్టో తీసి పక్కన పెట్టేది. ఇప్పుడు నేను గుమ్మంలోకి రాగానే చొక్కా విప్పించి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూస్తోంది. ఒకసారి ఒక చీటీ దొరికితే దాన్ని వెలుతురుకి పెట్టి చదివింది. మందుల షాపు బిల్లు. నేను చూస్తున్నానని తెలిసి కూడా దాచుకోలేదే.

సెక్రటరీ గారు నిన్న కబురు పంపారు. తీసుకున్నానని రాసిచ్చి, డబ్బు కట్టేస్తే పోలీసులదాకా పోనివ్వరట. కట్టకపోతే వచ్చే సర్వసభ్య సమావేశంలో అందరి ముందూ పెట్టి కేసు పెడతారట. ఉద్యోగం ఎలాగూ పోతుంది. కట్టాలంటే మా దాచుకున్నదంతా పోను, ఇంకా తక్కువ పడుతుంది. ఆ కుట్టుమిషన్లు అమ్మాలి.

నేను తీయలేదు. ఈ ముక్క ఎవరైనా ఒకరు నమ్మాలని ఉంది. నువ్వు నమ్మితే చాలు, మీ అక్క కూడా నమ్ముతుంది. నీ చదువంటే దానికి అంత గురి.

బావ


అద్దె గది

బావ గారికి,

ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చింపేశాను.

మీరు రాసింది మళ్ళీ మళ్ళీ చదివాను. ప్రోగ్రాంలో తప్పుంటే ఆ అమ్మాయి కూర్చున్నా రావాలి. పక్క కౌంటర్లోనూ రావాలి. కోడ్ మనిషి మొహం చూడదు బావా. మీరు కొట్టిన తొమ్మిది వేలూ ఆ పిల్ల కొట్టిన తొమ్మిది వేలూ దానికి ఒకటే. మీరున్నప్పుడే తక్కువ వచ్చి, మీరు లేచాక సరిపోయిందంటే, నాకు తెలిసిన ఏ లెక్క ప్రకారమూ అది మిషను తప్పు కాదు. అబద్ధం చెప్పి మీకు ధైర్యం ఇవ్వలేను.

కౌంటర్ ముందుకొచ్చి ఏడ్చినవాళ్ళని చూసి మీరు తట్టుకోలేరు, నాకు తెలుసు. ఎవరికైనా చీటీ లేకుండా ఇచ్చి ఉంటే, తర్వాత సర్దుదామనుకుని ఉంటే, చెప్పేయండి. మిమ్మల్ని దొంగ అనను. నాన్న పోయాక నా కాలేజీ ఫీజు కట్టింది మీరు, ఆ సంగతి ఎప్పటికీ మరిచిపోను. కానీ నిజం చెప్పకపోతే ఎలా సాయం చేయాలో నాకు తోచడం లేదు. నా దగ్గరున్నది కొంత పంపుతాను. పోలీసులదాకా వెళ్ళకుండా చూసుకోండి.

అక్కని బాధపెట్టకండి.

మరదలు


ఇల్లు, ముందు గది

చిరంజీవి మరదలికి,

ఈసారి ఇంటి నుంచే రాస్తున్నాను. ఇంక దాచడానికి ఏముంది గనక.

నాకు రాసిన రోజే నువ్వు మీ అక్కకి కూడా రాశావట. నాకు చెప్పలేదు. "బావకి బయట అప్పులేమైనా ఉన్నాయేమో, పేకాటలాంటిదేమైనా ఉందేమో మెల్లగా కనుక్కో, మిషను తప్పు కావడానికి వీల్లేదు" అని రాశావు. ఆ ఉత్తరం మీ అక్క నా ఎదుట కూర్చుని గట్టిగా చదివింది. రెండుసార్లు ఆగింది. చదివి మడిచి, "నా చెల్లెలికి తెలియదా?" అంది. నాకు మాత్రం నీకంటే ఎక్కువేం తెలుసు?

మర్నాడే వెళ్ళి సంతకం పెట్టేశాను. పోట్లాడాలంటే వెనక ఎవరో ఒకరు ఉండాలి కదా.

కాగితం ముందే టైపు చేసి ఉంచారు. అంకె ఒక్కటీ నా చేత్తో రాయమన్నారు. రాశాను. రాసి అలవాటు ప్రకారం చివర తోక కట్టేశాను, ఏటవాలు గీతా, దాని పక్కన అడ్డగీతా. 1,84,000/- అని. నేను చేరినప్పుడు మా పెద్ద క్యాషియర్ నేర్పిన పద్ధతి అది. డబ్బు మన చేతిలోంచి బయటికి వెళ్ళే ప్రతిచోటా అంకె తోక మూసేయాలిరా, లేకపోతే ఎవడో ఇంకో సున్నా తగిలిస్తాడు అనేవాడు. నేను కట్టే దండగకి కూడా తోక కట్టానని చూసి ఆడిటరు పకపకా నవ్వాడు. "ఈయనకి ఈ పిచ్చి పోదండీ, కంప్యూటర్లో కూడా ఇలాగే గీతలతో సహా కొడతాడట" అన్నాడు. సెక్రటరీ గారు కూడా నవ్వారు. నేనూ నవ్వానేమో, గుర్తులేదు.

కుట్టుమిషన్లు పొద్దున పట్టుకెళ్ళారు. సిమెంటు మీద వాటి కాళ్ళ గుర్తులు మిగిలాయి. మీ అక్క తుడుస్తోంది గానీ పోవడం లేదు.

నువ్వు డబ్బు పంపకు. 

బావ


బస్టాండు పక్క లాడ్జి

బావా,

నేను మీ ఊళ్ళోనే ఉన్నాను. ఇంటికి రావడానికి మొహం చెల్లక ఇక్కడ దిగాను. ఈ ఉత్తరం కొట్లో ఇచ్చి వెళతాను.

మీ ఉత్తరంలో ఆడిటరు నవ్విన చోటికి వచ్చి ఆగిపోయాను. "కంప్యూటర్లో కూడా గీతలతో సహా." బావా, మీరు అడ్వాన్సులన్నీ అలాగే కొట్టేవారు కదూ? బయటికి వెళ్ళే డబ్బు కాబట్టి. కొత్తమ్మాయికి ఆ అలవాటు లేదు, పక్క కౌంటర్‌కీ లేదు. కోడ్ మొహం చూడదని పెద్ద గొప్పగా రాశాను. అది మీ చెయ్యి చూసింది.

ఆ రోజే బస్సెక్కాను. నేరుగా సంఘానికి వెళ్ళి, కొత్తమ్మాయిని బతిమాలి ప్రాక్టీసు స్క్రీన్ తెరిపించాను. పెట్టెలో పదివేలున్నాయనుకుని, 500 ఇచ్చినట్టు కొట్టమన్నాను. తొమ్మిది వేల అయిదువందలు మిగిలింది. మళ్ళీ మొదట్నుంచి, ఈసారి 500/- అని కొట్టించాను. అంకె ఎర్రగా వచ్చింది. పెట్టెలో పదివేల అయిదువందలు చూపించింది. ఆ పిల్ల నోటి మీద చెయ్యి వేసుకుంది.

జరిగింది ఇది, తర్వాత సాఫ్ట్‌వేర్ వాళ్ళ నోటే తెలిసింది. అంకెలూ, చుక్కా, మైనసూ తప్ప మిగతా గుర్తులన్నీ పారేయమని ప్రోగ్రాంలో రాసి ఉంది. మీ ఏటవాలు గీతని పారేసింది. అడ్డగీత మిగిలింది. పాత ప్రోగ్రాం చివరనున్న అడ్డగీతని కూడా పారేసేది. కొత్తగా బ్యాంకు నుంచి లెక్కలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు, ఆ బ్యాంకు వాళ్ళు మైనస్ గుర్తుని అంకె చివర రాస్తారట. అందుకని చివర గీత ఉన్నా మైనస్సే అని రూలు మార్చారు. మీరు తొమ్మిది వేలు ఇస్తే మైనస్ తొమ్మిది వేలు ఇచ్చినట్టు చదివింది. మైనస్‌ని తీసేయడమంటే కలపడమే. తొమ్మిది వేలు తగ్గాల్సిన చోట తొమ్మిది వేలు పెరిగాయి, మొత్తం తేడా పద్దెనిమిది వేలు. ఆ ఎరుపు డబ్బు బయటికి పోయిందని కాదు బావా, మైనస్ అని. మిషను అచ్చువేసే చీటీ మీద నల్ల సిరా ఒక్కటే కాబట్టి ఆ ఎరుపు కాగితం దాకా రాలేదు.

సెక్రటరీ గారి ముందు మీ చీటీలు బయటికి తీయించి చేత్తో కూడించాను. అడ్వాన్సుల మొత్తం తొంభై రెండు వేలు. మీ మీద వేసింది సరిగ్గా దానికి రెట్టింపు. ఆడిటరు కాలిక్యులేటర్ మీద మూడుసార్లు కొట్టి, లేచి మంచినీళ్ళు తాగడానికి వెళ్ళాడు. చీటీలు కూడమని మీరు మొదటి ఉత్తరంలోనే రాశారు. నేను ఆ వాక్యం దాటేసి కామాల గురించి ఉపన్యాసం ఇచ్చాను. ఆ ఆడిటర్‌కీ నాకూ తేడా ఏముంది?

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఫోన్ చేశాను. ఒక కుర్రగొంతు, చాలా హుషారుగా ఉంది. "అంకె వెనక గీతలు ఎవరు పెడతారండీ?" అన్నాడు. చెప్పాను. "ఓ, చిన్నదే మేడం, భోజనానికి లేచేలోపు సరిచేసేస్తాం" అన్నాడు. సరిచేసేశాడు కూడా.

అక్కకి మీరే చెప్పండి. నేను చెబితే మళ్ళీ నా మాట మీదే మిమ్మల్ని నమ్మినట్టవుతుంది. 

మీ మీద అనుమానపడ్డాను బావా. మీరు కట్టిన ఫీజుతో నేర్చుకున్న చదువుతోనే పడ్డాను. ఏడుపొస్తోంది గానీ ఏడ్చే హక్కు కూడా నాకు లేదనిపిస్తోంది.

మీ గడుగ్గాయి


సంఘం ఆఫీసు, నా కౌంటర్

గడుగ్గాయికి,

జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. రాద్దామని కూర్చున్నప్పుడల్లా పెన్ను మూత పెట్టేసేవాణ్ణి. నువ్వు లాడ్జిలో దిగావన్న సంగతి చదివి మీ అక్క పరిగెత్తుకుని బస్టాండుకి వెళ్ళింది. అప్పటికే నీ బస్సు వెళ్ళిపోయిందట.

డబ్బు వాపసిచ్చారు. ఉద్యోగమూ ఇచ్చారు. తప్పుడు పద్దులన్నీ తిరగరాశారు, తక్కువ వచ్చింది మాయమైపోయింది, అసలు ఎప్పుడూ లేనట్టే. నా సంతకం కాగితం మాత్రం ఫైల్లోనే ఉంది. తీసేయమన్నాను. తీయడానికి రూలు లేదట. సెక్రటరీ గారు కుర్చీ వేసి, టీ తెప్పించి, మెత్తగానే అడిగారు. "అంతా బాగానే ఉందయ్యా, తీయనివాడివి తీశానని ఎందుకు రాసిచ్చావు?" అని. ఇంట్లో నమ్మలేదు సార్ అని చెప్పలేకపోయాను. టీ తాగి వచ్చేశాను.

డిపో వాళ్ళు కూడా అలాగే అనుకుంటున్నారు. తీయకపోతే ఎందుకు రాసిస్తాడు, మరదలొచ్చి కంప్యూటర్లో ఏదో సర్దింది అని. ఇదివరకు వాళ్ళు నేనిచ్చిన నోట్లు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు నా ఎదురుగా నిలబడి లెక్కపెట్టుకుంటున్నారు. వాళ్ళని తప్పుపట్టలేను. నా కీబోర్డు మీద ఆ గీత మీటకి కాగితం ముక్క అంటించారు. వేలు అటే వెళుతుంది, కాగితం తగిలి వెనక్కి వస్తుంది.

కుట్టుమిషన్లు కొన్నాయన వాటిని ఇంకెవరికో అమ్మేశాడు. కొత్తవి కొనుక్కోవే అంటే మీ అక్క వద్దంటోంది. ముందు గదిలో ఊరికే కూర్చుంటోంది. ఒకరోజు నా కాళ్ళ దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చింది. లేపి కూర్చోబెట్టాను. దాని మీద నాకు కోపం లేదు. నీ మీద కూడా లేదు, ఒట్టు. బాధ ఉంది. ఉందని రాయకపోతే అది కూడా తప్పుడు లెక్కే అవుతుంది. నువ్వు డబ్బు పంపుతానన్నప్పుడు పడ్డ బాధ ఆడిటరు నవ్వినప్పుడు పడలేదు.

ఇంటికి రా. లాడ్జిలో దిగితే మాత్రం కాళ్ళు విరగ్గొడతాను.

ఒక్క సంగతి మాత్రం నీకే చెబుతున్నాను, మీ అక్కకి తెలియనివ్వకు. అది నా జేబులు చూడడం పూర్తిగా మానేసింది. బట్టలు నానబెట్టేటప్పుడు కూడా చూడడం లేదు. మొన్న ఒక రుమాలూ, బస్సు టికెట్టూ నీళ్ళలో కలిసిపోయాయి. కానీ నేను గుమ్మంలోకి రాగానే చెప్పులు విడిచి, ఎవరూ అడక్కుండానే కిటికీ దగ్గరికి వెళ్ళి, రెండు జేబులూ బయటికి లాగి చూపిస్తున్నాను. అది మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోతోంది. మానేద్దామని రోజూ అనుకుంటాను. చెయ్యి దానంతటదే వెళుతోందే.

బావ